సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, పసుపు త్రికోణాలు

మొన్న అక్టోబర్‌లో మామయ్యగారి కంటి ఆపరేషన్ కోసం మావారు మూడు వారాలు ఇండియా వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పనికొచ్చే కంప్యూటర్‌ని కూడా బ్యాగులో పెట్టుకుని వెళ్లారు. అది ఆఫీసు వాళ్ల లాప్‌టాప్, అక్కణ్ణుంచి కూడా పని చెయ్యాలి కదా. ఇక ఇంట్లో మిగిలింది మా పాపకి స్కూల్లో ఇచ్చిన క్రోమ్‌బుక్. అందులో స్కూలు వాళ్లు ఒప్పుకున్న సైట్లు తప్ప ఇంకేవీ తెరుచుకోవు.

నేనేమో ఇక్కడ, డాలస్ దగ్గర, ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్ అకౌంటింగ్ కోర్సులో చేరాను. పెళ్లయి ఈ దేశం వచ్చిన తొమ్మిదేళ్లకి మళ్లీ పుస్తకం పట్టుకోవడం అదే మొదలు. మిడ్‌టర్మ్ గురువారం తెరుస్తారు, ఆదివారం అర్ధరాత్రి మూసేస్తారు. కెమెరా, మైకు రెండూ ఆన్‌లో ఉండాలి. వాటిని పరీక్షించి సరే అంటేనే ప్రశ్నపత్రం తెరుచుకుంటుంది. ఫోన్లో రాయడం కుదరదు.

అందుకని శుక్రవారం సాయంత్రం 170 డాలర్లు పెట్టి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి కొన్నాను. వేరే రాష్ట్రానికి వెళ్లిపోతున్న ఒక స్టూడెంట్ దగ్గర. ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్. ఆ ఎనిమిదో తరం అన్న మాట కావాలనే చూసుకున్నాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ వాటిలో ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రత చిప్పూ ఉండాలి. అంతకంటే పాతవి ఇప్పుడు చాలా చవగ్గా దొరుకుతున్నాయి. ఎందుకు చవకో తెలిసి కొనుక్కుంటే ఫర్వాలేదు.

ఇంటికొచ్చి తెరిస్తే అది ఇంకా ఆ అబ్బాయి లాప్‌టాప్‌లానే ఉంది. అతని ఫోటోలు, అతని బ్రౌజర్లో దాచిపెట్టిన పాస్‌వర్డ్లు, ఎప్పుడో గడువు తీరిపోయిన యాంటీవైరస్ అరుపులు. అందులో నా బ్యాంకు, కాలేజీ లాగిన్లు పెట్టడానికి మనసొప్పలేదు. అంతా తుడిచేసి విండోస్ 11 కొత్తగా వేసుకుందామనుకున్నాను. అదేం పెద్ద విద్య కాదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, 8 జీబీ పెన్ డ్రైవ్‌లో విండోస్ తయారు చేసుకుని, దాంతో బూట్ చేసి, పాత పార్టిషన్లన్నీ తీసేసి ముందుకెళ్లడమే. ప్రోడక్ట్ కీ అడిగితే భయపడొద్దు, నా దగ్గర లేదు అని నొక్కండి. ఇదివరకు ఆ లాప్‌టాప్‌లో అసలైన విండోస్ ఉండి ఉంటే, దాని లైసెన్సు మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ వేసినంతవరకూ ఇంటర్‌నెట్ తగలగానే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది.

శనివారం మధ్యాహ్నం కాఫీ తాగుతూ ఇదంతా చేశాను. నలభై నిమిషాల్లో కొత్త విండోస్ నీలం తెర వచ్చింది. దేశం అడిగింది, కీబోర్డ్ అడిగింది, ఆ తర్వాత నెట్‌వర్క్‌కి కలపమంది. కలుపుదామంటే వైఫై జాబితా ఖాళీ. మా ఇంటిదే కాదు, చుట్టుపక్కల ఇరవై అపార్ట్‌మెంట్లలో ఒక్కరిదీ లేదు. కింద నెక్స్ట్ బటన్ బూడిద రంగులో, నొక్కినా పలకదు. పాత విండోస్ ఎలాగూ తుడిచేశాను. వెనక్కి వెళ్లే దారి లేదు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. డ్రైవర్లు అనేవి ఉంటాయని నాకు తెలుసు. తుడిచే ముందు వాటిని దాచుకోవాలని మాత్రం తోచలేదు. పాత విండోస్ ఇంకా పనిచేస్తున్నప్పుడే సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్ రిపాజిటరీ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని అలాగే ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే ఆ లాప్‌టాప్ వాడుతున్న డ్రైవర్లన్నీ చేతిలో ఉన్నట్టే. పదిహేను నిమిషాల పని. అది చేసి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

అసలు డ్రైవర్ అంటే ఏమిటో మా పాపకి చెప్పినట్టే చెప్తాను. కొత్త కోడలికి వంట బాగా వచ్చనుకోండి. కానీ ఈ ఇంట్లో పోపుల డబ్బా ఏ అరలో ఉందో, ఏ బర్నర్ సరిగ్గా వెలగదో, మిక్సీ మూత ఎటు తిప్పితే బిగుసుకుంటుందో ఎవరో ఒకరు చెప్పాలిగా. విండోస్ ఆ కోడలు. వంట వచ్చు, ఇల్లు కొత్త. ప్రతి చిప్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. ఎక్కువ మంది వాడే చిప్‌లకి మైక్రోసాఫ్ట్ వాళ్లే కొన్ని డ్రైవర్లు విండోస్‌లో ముందే పెట్టి ఇస్తారు. మా లాప్‌టాప్‌లో ఉన్న వైఫై కార్డుది అందులో లేదు. ఆ డ్రైవర్ దించుకోవాలంటే ఇంటర్‌నెట్ కావాలి, ఇంటర్‌నెట్ కావాలంటే ఆ డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు ఉంది వ్యవహారం.

లాప్‌టాప్ సన్నగా ఉంటుంది కదా, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే రంధ్రం కూడా లేదు. నా ఐఫోన్ కేబుల్‌తో పెట్టి చూశాను, పలకలేదు. దానికి ముందు విండోస్‌లో ఆపిల్ వాళ్ల డ్రైవర్ ఉండాలట. చివరికి పనికొచ్చింది డ్రాయర్లో పడి ఉన్న మావారి పాత ఆండ్రాయిడ్ ఫోన్. సిమ్ లేదు, తెర మూల పగిలింది. దాన్ని మా ఇంటి వైఫైకి కలిపి, యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్ లోపల ఉన్న యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. అంతే, నెక్స్ట్ బటన్ నీలంగా మారింది. ఫోన్ అందుకున్న వైఫైని కేబుల్ గుండా లాప్‌టాప్‌కి అందిస్తుందన్నమాట. సిమ్ అవసరం లేదు. ఒక్క జాగ్రత్త, కేబుల్ డేటా వెళ్లేదై ఉండాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లు కొన్ని ఉంటాయి, నేను మొదట పెట్టింది అదే.

లోపలికి వెళ్లాక స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచాను. మనకి పసుపంటే శుభం. విండోస్‌కి కాదు. అదర్ డివైసెస్ అనే పేరు కింద వరసగా పసుపు త్రికోణాలు, వాటిలో ఆశ్చర్యార్థకాలు. నెట్‌వర్క్ కంట్రోలర్, ఎస్‌ఎం బస్ కంట్రోలర్, పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్, మల్టీమీడియా ఆడియో కంట్రోలర్, చివర్లో అన్‌నోన్ డివైస్. వీటిలో దేనిమీద నొక్కినా కోడ్ 28 అంటుంది, అంటే డ్రైవర్ వెయ్యలేదు అని. డిస్‌ప్లే దగ్గర త్రికోణం లేదు కానీ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. అది కూడా ఒకరకమైన లోటే. బొమ్మ కనిపిస్తుంది, వెలుతురు తగ్గించడం పెంచడం కుదరదు.

విండోస్ అప్‌డేట్ నడిపాను. దానికి తోడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఉంటుంది, అందులో డ్రైవర్లు విడిగా ఉంటాయి, చాలామంది అక్కడిదాకా వెళ్లరు. అవి కూడా వేసి రెండుసార్లు రీస్టార్ట్ చేశాక వైఫై వచ్చింది, తెర సరైంది, మూడు త్రికోణాలు పోయాయి. మిగిలినవి రెండు, మల్టీమీడియా ఆడియో కంట్రోలర్, అన్‌నోన్ డివైస్. కెమెరా పనిచేస్తోంది. స్పీకర్ బొమ్మ పక్కన మాత్రం ఇంటూ గుర్తు. శబ్దం లేదు, మైకు లేదు. మైకు లేకపోతే పరీక్ష లేదు.

పాపని పడుకోబెట్టి పదకొండింటికి మళ్లీ కూర్చున్నాను. అక్కడ ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. ఫోన్ చేశాను.

"ఏవండీ, సౌండ్ రావట్లేదు."

"రీస్టార్ట్ చేశావా?"

"ఆరుసార్లు."

"అయితే నాకు తెలీదు. నేను డేటాబేస్ వాణ్ణి. మా ఆఫీసులో కూడా లాప్‌టాప్ పాడైతే వేరే వాళ్లకి ఇచ్చేస్తాం. సోమవారం షాపుకి తీసుకెళ్లు."

సోమవారానికి పరీక్ష మూసేస్తారు. అది ఆయనకీ గుర్తుంది, ఒక్క నిమిషం ఇద్దరం మాట్లాడలేదు. మామయ్యగారికి కళ్లలో చుక్కలు వేసే టైమైందని పెట్టేశారు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ మనిషి ఉంటే కంప్యూటర్ల సంగతి మనకెందుకులే అనుకుంటాం చూడండి, ఆ ధీమా నాకు ఆ రాత్రితో పోయింది.

ఇంటర్‌నెట్‌లో వెతికితే మొదట వచ్చింది ఒక ప్రకటన. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో సరిచేస్తామంది. స్కాన్ చేసి 27 డ్రైవర్లు పాతబడ్డాయని ఎర్రగా చూపించి, బాగుచెయ్యడానికి కార్డు నంబరు ఇవ్వమంది. డివైస్ మేనేజర్లో రెండే త్రికోణాలుంటే ఈ 27 ఎక్కణ్ణుంచి వచ్చాయి? వెంటనే తీసేశాను. ఇలాంటి డ్రైవర్ అప్‌డేటర్లు వద్దు. డ్రైవర్ అనేది విండోస్ గర్భంలోకి వెళ్లే ప్రోగ్రామ్. అది ఎవరు ఇస్తున్నారో తెలియకుండా తీసుకోకూడదు.

అసలు దారి లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సపోర్ట్ పేజీ. లాప్‌టాప్ కింద స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది. డెల్ వాళ్లు దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు. లెనోవో, హెచ్‌పీ వాళ్లది సీరియల్ నంబర్. సెకండ్ హ్యాండ్ వాటి మీద స్టిక్కర్ తరచు అరిగిపోయి ఉంటుంది. అప్పుడు బయాస్‌లోకి వెళ్తే మొదటి పేజీల్లోనే ఆ నంబరు కనిపిస్తుంది. మోడల్ పేరుతో వెతకడం కంటే నంబరుతో వెతకడమే మంచిది. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల వైఫై కార్డులు, రెండు రకాల తెరలు పెట్టి అమ్ముతారు, నంబరు కొడితే మన చేతిలో ఉన్నదానికి సరిపోయేవి చూపిస్తుంది.

మా నంబరు కొడితే ముప్ఫైకి పైగా ఫైళ్లు వచ్చాయి. మా లాప్‌టాప్‌కి విండోస్ 11 వరస విడిగా లేదు, విండోస్ 10 64-బిట్ వరకే ఉంది. సాధారణంగా అవి 11లో కూడా పనిచేస్తాయి. నేను నేరుగా ఆడియో అన్న విభాగానికి వెళ్లి రియల్‌టెక్ ఆడియో డ్రైవర్ దించి వేశాను. విజయవంతంగా పూర్తయింది అంది. రీస్టార్ట్ చేశాను. శబ్దం లేదు. తీసేసి మళ్లీ వేశాను. మళ్లీ విజయవంతం, మళ్లీ నిశ్శబ్దం. టైము పన్నెండున్నర. నిజం చెప్పాలంటే ఒకసారి కళ్లనీళ్లు వచ్చాయి. ఈ వయసులో నాకీ కోర్సు దేనికి అని కూడా అనిపించింది.

ఇంకేం చెయ్యాలో తోచక ఆ మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ మీద రెండుసార్లు నొక్కి, డీటెయిల్స్ అనే ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకున్నాను. ఒక పొడుగాటి సంకేతం వచ్చింది. అందులో వీఈఎన్ అనే మూడక్షరాల పక్కన ఉన్న నంబరు చూసి ఆగిపోయాను. 8086.

ఆ నంబరు నాకు తెలుసు. నేను గుంటూరులో బీఎస్సీ చదివాను, మ్యాథ్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ గ్రూపు. ఫైనలియర్లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఉండేది. ఇంటెల్ 8085 కిట్లు, ఒక్కోదానికి ముగ్గురు అమ్మాయిలం. రెండు సంఖ్యలు కూడటానికి 3ఈ, 06, 80 అని సంకేతాలు ఒక్కొక్కటే చిన్న కీప్యాడ్ మీద కొట్టి, చివర్లో 76 కొట్టాలి, అది మర్చిపోతే ప్రోగ్రామ్ ఆగదు. కిట్‌కి ఎల్‌ఈడీ దీపాలు తగిలించే ప్రయోగంలో 8255 అనే చిప్ ఉండేది. దానికి ముందుగా కంట్రోల్ వర్డ్ పంపాలి. 80 పంపితే దాని మూడు పోర్టులూ బయటికి పంపేవిగా మారతాయి. అది పంపకుండా ఎన్నిసార్లు డేటా పంపినా ఒక్క దీపం వెలగదు. మా మేడమ్ వచ్చి వైర్లు చూడకుండానే, కంట్రోల్ వర్డ్ ఏదమ్మా అని అడిగేవారు. సిలబస్‌లో 8085 తర్వాతి పాఠం 8086. 1978లో వచ్చిన ప్రాసెసర్, ఇంటెల్‌కి పెద్ద పేరు తెచ్చింది. పీసీఐ పరికరాలకి ప్రతి కంపెనీకి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, ఇంటెల్ తన కోసం పెట్టుకున్నది ఆ ప్రాసెసర్ నంబరే. రియల్‌టెక్‌ది 10ఈసీ, ఎన్‌విడియాది 10డీఈ, ఏఎండీ గ్రాఫిక్స్‌ది 1002.

అంటే పసుపు త్రికోణం కింద ఉన్నది రియల్‌టెక్ కాదు, ఇంటెల్. నేను గంటన్నర నుంచి వేస్తున్నది రియల్‌టెక్‌ది.

మళ్లీ కంపెనీ పేజీకి వెళ్లి ఈసారి ఆడియో విభాగం వదిలేసి ఇంటెల్ అని ఉన్నవన్నీ చదివాను. చిప్‌సెట్ విభాగంలో దొరికింది, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ. ఈ తరం లాప్‌టాప్‌లు కొన్నింట్లో శబ్దం నేరుగా రియల్‌టెక్ చిప్‌కి వెళ్లదు. ముందు ఇంటెల్ వాళ్ల ఆడియో ప్రాసెసర్ ఉంటుంది, రియల్‌టెక్ దాని వెనక ఉంటుంది. ముందున్నది మేలుకోకపోతే వెనకున్నది ఒకటుందని విండోస్‌కి తెలియనే తెలియదు. వీధి గేటుకి తాళం వేసి ఉంచి, లోపల పడగ్గది తాళం ఎన్నిసార్లు తీస్తే ఏం లాభం? ఇంటెల్‌ది వేసి రీస్టార్ట్ చేసి, ఆ తర్వాత రియల్‌టెక్‌ది వేసి మళ్లీ రీస్టార్ట్ చేశాను. ఒంటిగంటా ఇరవై. విండోస్ మోగించే ఆ టింగు శబ్దం వాల్యూమ్ పూర్తిగా పెట్టి ఉండటంతో ఇల్లంతా వినబడింది, పాప లేచి కూర్చుంది.

అందుకే వరస ముఖ్యం. ముందు చిప్‌సెట్ విభాగంలోనివి, అవి వేసి రీస్టార్ట్. ఆ తర్వాత గ్రాఫిక్స్, వైఫై, బ్లూటూత్, ఆడియో. కొన్ని లాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ కూడా కదలదు. దానికి చిప్‌సెట్ విభాగంలోనే ఇంటెల్ సీరియల్ ఐఓ అని ఉంటుంది, అది వేసేదాకా ఒక యూఎస్‌బీ మౌస్ దగ్గర పెట్టుకోండి. చివరికి మిగిలిన అన్‌నోన్ డివైస్ ఏమిటయ్యా అంటే కీబోర్డు పై వరసలో ఉండే ఏరోప్లేన్ మోడ్ బటన్‌కి సంబంధించింది. దాని ఐడీలో ఇంటెల్ లేదు, రియల్‌టెక్ లేదు, లాప్‌టాప్ కంపెనీ సొంత గుర్తు ఉంది. అది ప్రపంచంలో ఆ కంపెనీ పేజీలో తప్ప ఇంకెక్కడా దొరకదు. చిప్ కంపెనీ ఇచ్చే కొత్త డ్రైవర్ ఉండగా లాప్‌టాప్ కంపెనీ ఇచ్చే పాతది ఎందుకు అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. స్పీకర్లకి తగ్గట్టు శబ్దాన్ని సర్దడం, బటన్లు, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలన్నది, ఇవన్నీ ఆ మోడల్‌కి వాళ్లు కుట్టిన జాకెట్టు లాంటివి. రెడీమేడ్ కూడా పడుతుంది, భుజం దగ్గర తేడా తెలుస్తుంది. గ్రాఫిక్స్ ఒక్కటీ మాత్రం కొత్తది వేసుకున్నాను. ఏదైనా తేడా వస్తే డివైస్ మేనేజర్లో రోల్ బ్యాక్ డ్రైవర్ ఉండనే ఉంది.

అదే పేజీలో బయాస్ అప్‌డేట్ కూడా ఉంటుంది. భద్రత కోసం అది చేసుకోవడం మంచిదే, కానీ పరీక్ష ముందు రాత్రి కాదు. చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, ఎవరూ ప్లగ్ లాగని వేళలో చెయ్యాలి. మధ్యలో ఆగిపోతే లాప్‌టాప్ అసలు లేవకపోవచ్చు. నేను ఆ తర్వాతి శనివారం చేశాను.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పరీక్షకి కూర్చున్నాను. కెమెరా పక్కన చిన్న తెల్ల దీపం వెలిగింది. ఒక వాక్యం పైకి చదవమంది. చదువుతుంటే తెర మీద ఆకుపచ్చ గీత పైకీ కిందికీ ఊగింది. 84 మార్కులొచ్చాయి. తరుగుదల లెక్కలో ఒకటి తప్పు రాశాను, అది నిద్ర లేక కాదు, నాకు రాకే.

ఆ వారమే అన్ని డ్రైవర్లూ ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టి, వేసిన వరస ప్రకారం 1, 2, 3 అని ఫోల్డర్లకి పేర్లు పెట్టాను. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోండి. డబ్బులిచ్చే ముందే అమ్మేవాళ్ల ఎదురుగా బయాస్‌లోకి వెళ్లి చూడాలి, పాస్‌వర్డ్ అడిగితే కొనొద్దు. ఆఫీసులు వదిలించుకున్న లాప్‌టాప్‌లు కొన్ని, విండోస్ కొత్తగా వేశాక కూడా ఫలానా సంస్థ ఖాతాతో లాగిన్ అవ్వమని అడుగుతాయి. అది డ్రైవర్ల వల్ల తీరే సమస్య కాదు.

పోయిన నెల పక్క బ్లాకులో ఉండే అక్క తన లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. తుడిచి కొత్తగా వేద్దామంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనబడటం లేదట, డిస్కు పోయిందని షాపు వాళ్లు చెప్పారట. చూస్తే పదకొండో తరం ఇంటెల్. ఆ తరం నుంచి చాలావాటిలో డిస్కు వీఎండీ అనే ఇంటెల్ కంట్రోలర్ వెనక ఉంటుంది, ఇన్‌స్టాలర్‌కి దాని డ్రైవర్ ముందు చూపించాలి. వాళ్ల కంపెనీ పేజీలోంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, నా లాప్‌టాప్‌లో దాన్ని విప్పి, ఆ ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాలర్లో లోడ్ డ్రైవర్ నొక్కి చూపించాను. డిస్కు కనబడింది. "అయితే కొత్త డిస్కు ఆర్డర్ క్యాన్సిల్ చెయ్యమంటావా?" అని అక్క అక్కడికక్కడే ఫోన్ తీసింది. ఆ ఫోల్డర్ ఇప్పుడు నా పెన్ డ్రైవ్‌లో వాళ్లింటి పేరుతో ఉంది.